మన ఊళ్ల కేసులు చదివే చదువు

1997లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి మన దగ్గర, ఇంకోటి ఇటలీలో. జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల ఊళ్ల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని ఆ తీర్పు సారాంశం. అదే సంవత్సరం వెనిస్ నగరంలో ఒక కొత్త పీజీ కోర్సు మొదలైంది. దాని పేరు 'మానవ హక్కులు, ప్రజాస్వామీకరణ'. బొర్రా రైతులకు వెనిస్ ఎక్కడుందో తెలియదు, వెనిస్ ఆచార్యులకు బొర్రా ఎక్కడుందో తెలియదు. ఇవాళ ఆదివాసీ హక్కుల మీద ఏ దేశంలో పాఠం చెప్పినా బొర్రా లాంటి ఊళ్ల కేసులు లేకుండా ఆ పాఠం సాగదు.

మన పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు, నర్సింగ్ చదువుతున్నారు, బీఈడీ చేసి డీఎస్సీకి కూర్చుంటున్నారు. మంచిదే. ఈ సంచికలో మాత్రం మనవాళ్లలో చాలా తక్కువమంది పేరు విన్న ఈ చదువు గురించి రాయాలనుకున్నాం. అది ఎలా పుట్టింది, అందులో ఏం చెబుతారు, అందులో మన వాటా ఎంత అన్నది మన యువతకు తెలియాలి. మన పెద్దలు గెలిచిన కేసుల గురించి రేపు ఎవరు రాస్తారు, ఎవరు వాదిస్తారు అన్నది దీనితో ముడిపడి ఉంది.

ముందు ఆ పేరు సంగతి. 'మానవ హక్కులు' అంటే అర్థమవుతుంది. దాని పక్కన 'ప్రజాస్వామీకరణ' ఎందుకు చేరింది? 1989లో తూర్పు యూరప్‌లో ఒకదాని వెంట ఒకటిగా ఒంటి పార్టీ ప్రభుత్వాలు కూలిపోయాయి. 1990 తర్వాత దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన సడలడం మొదలైంది. 1993 జూన్‌లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఐక్యరాజ్యసమితి ప్రపంచ మానవ హక్కుల మహాసభ జరిపింది. ప్రజాస్వామ్యం, అభివృద్ధి, మానవ హక్కులు ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడేవేనని ఆ సభ ప్రకటించింది. ఆ ప్రకటనలోనే మూలవాసుల గురించీ మాటలున్నాయి. అప్పటికే పక్కనున్న బోస్నియాలో యుద్ధం జరుగుతోంది. పొరుగువాళ్లు పొరుగువాళ్లను చంపుకున్న ఆ యుద్ధం ముగిశాక, అక్కడికి ఎన్నికల పరిశీలకులుగానో, శరణార్థుల సాయానికో వెళ్లేవాళ్లకు చట్టం ఒక్కటే తెలిస్తే చాలదని తేలింది. చరిత్ర తెలియాలి, రాజకీయాలు తెలియాలి, మనుషులు ఎలా కలిసి బతుకుతారో తెలియాలి.

పడోవా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాలు బోధించే ఆంతోనియో పపిస్కా ఈ ఆలోచనకు ముందు నిలిచాడు. కొన్ని యూరప్ విశ్వవిద్యాలయాలను కలుపుకుని, యూరోపియన్ యూనియన్ డబ్బు సాయంతో 1997లో కోర్సు మొదలుపెట్టారు. వెనిస్ పక్కన లీడో అనే దీవి ఉంది. అక్కడి శాన్ నికోలో అనే పాత సన్యాసుల మఠమే దీని బడి. కోర్సు ఒక ఏడాది. సగం ఏడాది అందరూ వెనిస్‌లో కలిసి చదువుతారు. మిగతా సగం, కోర్సులో భాగమైన ఏదో ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లి పరిశోధనా వ్యాసం రాస్తారు. ఇప్పుడు అందులో 40కి పైగా విశ్వవిద్యాలయాలున్నాయి. లా చదివినవాళ్లే రావాలని లేదు. చరిత్ర, సాంఘిక శాస్త్రం, తత్వశాస్త్రం, రాజనీతి చదివినవాళ్లూ పక్కపక్కన కూర్చుంటారు. యుద్ధం చూసిన కొసావోకు విద్యార్థులను తీసుకెళ్లి, అక్కడి మనుషులతో మాట్లాడించడం చాలా ఏళ్లుగా ఈ చదువులో భాగం. ఈ పద్ధతి మాకు నచ్చింది. ఊరు చూడకుండా ఊరి హక్కుల గురించి మాట్లాడేవాళ్లను మనం చాలామందినే చూశాం.

ఈ చదువు యూరప్‌తో ఆగలేదు. 2000లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా విశ్వవిద్యాలయం ఆఫ్రికా విద్యార్థుల కోసం ఇదే పేరుతో ఎల్ఎల్ఎం మొదలుపెట్టింది. ఒకప్పుడు తెల్లవాళ్లకే ఉన్న విశ్వవిద్యాలయం అది. అక్కడి మానవ హక్కుల కేంద్రం మాత్రం వర్ణవివక్ష ఇంకా నడుస్తుండగానే, 1986లో పుట్టింది. ఆ కేంద్రానికి, ఆ కోర్సుకు 2006లో యునెస్కో మానవ హక్కుల విద్యా పురస్కారం దక్కింది. సారాయెవోలో ఒకటి, బ్యూనస్ ఐరిస్‌లో ఒకటి, యెరెవాన్‌లో ఒకటి, బీరూట్‌లో ఒకటి అలాగే వచ్చాయి. మన ఆసియా వాళ్ల కోర్సు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలై, తర్వాత థాయిలాండ్‌లోని మహిడోల్ విశ్వవిద్యాలయానికి మారింది. నేపాల్‌లోని కాఠ్మండు లా స్కూల్ కూడా ఈ బంధుత్వంలోదే.

ప్రిటోరియా గురించి ఇంకో మాట. ఆఫ్రికా ఖండంలో మూలవాసుల హక్కుల పాఠం చెప్పాలంటే కెన్యాకు చెందిన రెండు కేసులు తప్పవు. మొదటిది ఎండొరోయిస్ అనే పశువుల కాపరుల తెగది. బొగోరియా సరస్సు చుట్టూ జంతు సంరక్షణ కేంద్రం పెడతామని 1970లలో వాళ్లను ఖాళీ చేయించారు. మేపుకునే గడ్డీ పోయింది, ఉప్పు నేలా పోయింది, పూజ చేసుకునే చోటూ పోయింది. ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ 2010లో వాళ్ల పక్షాన తేల్చింది. రెండోది మావు అడవిలో తేనె తీసే ఒగియెక్ తెగది. అడవి పాడవుతోంది కాబట్టి మీరు బయటికి పోవాలని సర్కారు అంది. అడవి పాడవడానికి వీళ్లు కారణమనడానికి ఆధారమేదీ చూపలేదని 2017 మే 26న ఆఫ్రికా కోర్టు తీర్పు చెప్పింది. 2022లో నష్టపరిహారం కూడా ఇమ్మంది. నల్లమలలోని చెంచులకూ, కవ్వాల్ పులుల అభయారణ్యం లోపలి గూడేలకూ ఈ కథ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తేనె ఒకటే, పులి పేరుతో వచ్చే కాగితమూ ఒకటే. ఒగియెక్ వాళ్లు గెలిచిన ఆ ఒక్క వాక్యం, 'ఆధారం చూపలేదు' అన్నది, మన దగ్గర ఎంతమంది చేతిలో ఉంది?

సమత కేసును మన యువత కొంచెం నెమ్మదిగా చదవాలి. పేరు అందరికీ తెలుసు, లోపల ఏముందో తెలిసినవాళ్లు తక్కువ.

మన షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1970లో సవరించారు. మనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునేది ఆ సవరణనే. ఏజెన్సీలో ఏ 'వ్యక్తి' అయినా భూమిని గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదని అందులో ఉంది. ప్రభుత్వం వాదన ఏమిటంటే, వ్యక్తి అంటే మనిషి, ప్రభుత్వం మనిషి కాదు, కాబట్టి సర్కారీ భూమిని సర్కారు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. బొర్రా చుట్టుపక్కల తరతరాలుగా సాగు చేసుకుంటున్నవాళ్లకు పట్టాలు లేవు. పట్టా లేని భూమి లెక్కల్లో సర్కారీ భూమే. అలా కాల్సైట్ లాంటి ఖనిజాల కోసం కంపెనీలకు లీజులు వెళ్లాయి.

అక్కడ పనిచేస్తున్న సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, కె. రామస్వామి, సగీర్ అహ్మద్, ఒప్పుకున్నారు. జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా ఉందని మెజారిటీ తీర్పు. ప్రైవేటు కంపెనీ గిరిజనేతర వ్యక్తే. కాబట్టి ప్రభుత్వం తన భూమినైనా సరే షెడ్యూల్డు ప్రాంతంలో కంపెనీకి లీజుకు ఇవ్వకూడదు. ఖనిజం తీయాలంటే గిరిజనుల సహకార సంఘాలో, ప్రభుత్వ సంస్థో తీయాలి. గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు గిరిజనుల నీళ్లకు, బడులకు, వైద్యానికి, రోడ్లకు పక్కన పెట్టాలని కూడా తీర్పులో ఉంది.

ఒక్క మాట మీద ఇంత తిరిగింది. అయినా తీర్పు వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. 2001లో బాల్కో కేసులో ఇంకో సుప్రీంకోర్టు బెంచి ఈ తీర్పు మీద అనుమానాలు వెలిబుచ్చింది. 'ప్రభుత్వ సంస్థ తీయవచ్చు' అన్న సందులోంచి మన్యం బాక్సైట్ కోసం కొత్త ఒప్పందాలు వచ్చాయి. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల మీద జీవో 97 వచ్చింది. ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది. జీవోను పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. చట్టంలో తెరిచి ఉన్న కిటికీని ఎవరు ముందు చూస్తే వాళ్లదే పైచేయి అవుతుందని ఈ ఇరవై ఏళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. కంపెనీల దగ్గర ఆ కిటికీలు వెతికే జీతగాళ్లున్నారు. మన దగ్గర ఎవరున్నారు?

ఇలాంటి కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. మధ్య అమెరికాలో నికరాగ్వా దేశపు అవాస్ తింగ్ని ఊరివాళ్లు తమ అడవిని కలప కంపెనీకి ఇచ్చినందుకు ప్రభుత్వం మీద కేసు వేశారు. పట్టా లేకపోయినా, తరతరాల ఉమ్మడి అనుభవమే ఆస్తి హక్కు అని 2001 ఆగస్టు 31న అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు చెప్పింది. ఒక అంతర్జాతీయ కోర్టు అలా చెప్పడం అదే మొదటిసారి. పట్టా చేతికొచ్చింది మాత్రం 2008లో.

మాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఎడ్డీ మాబో కథ. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలో మెర్ అనే చిన్న దీవి ఉంది. మాబో అక్కడివాడు. టౌన్స్‌విల్ పట్టణంలోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తోటమాలిగా పనిచేసేవాడు. అక్కడి చరిత్ర ఆచార్యులు హెన్రీ రేనాల్డ్స్, నోయెల్ లూస్‌తో మధ్యాహ్నం భోజనానికి కూర్చుని మాట్లాడేవాడు. ఒకరోజు తన దీవిలో తన పొలం గురించి చెబుతుంటే, చట్టం ప్రకారం ఆ భూమి నీది కాదు, ప్రభుత్వానిది అని వాళ్లు చెప్పారు. మాబో నమ్మలేదు. ఫలానా రాయి నుంచి ఫలానా చెట్టు దాకా తన తాతలదని అతనికి తెలుసు. 1982లో కేసు వేశారు. పదేళ్లు నడిచింది. తెల్లవాళ్లు వచ్చేటప్పటికి ఆస్ట్రేలియా ఎవరిదీ కాని నేల అన్న సిద్ధాంతం 1992 జూన్ 3న కూలిపోయింది. మాబో ఆ జనవరిలోనే చనిపోయాడు. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అతని పేరే పెట్టారు. అక్కడ మొక్కలకు నీళ్లు పోసినవాడి పేరు మీద లోపల పుస్తకాలున్నాయి.

'ఎవరిదీ కాని నేల' అన్న మాట మనకు బాగా తెలుసు. మన రెవెన్యూ రికార్డుల్లో దాన్ని పోరంబోకు అన్నారు, బంజరు అన్నారు, రిజర్వు అడవి అన్నారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఇప్పుడు మానవ హక్కుల విద్యార్థులంతా ఒక్కసారైనా చూడాలనుకునే ఊరు జెనీవా. అక్కడికి మూలవాసుల తరఫున న్యాయం అడగడానికి ముందుగా వెళ్లినవాళ్లలో డెస్కాహే ఒకడు. కెనడాలోని హోడెనోషోనీ తెగల పెద్ద. 1923లో నానాజాతి సమితి తలుపు తట్టాడు. తమ జాతి ఇచ్చిన పాస్‌పోర్టుతోనే వెళ్లాడు. ఏడాదికి పైగా తిరిగినా సమితి అతన్ని సభలో మాట్లాడనివ్వలేదు. 1925లో చనిపోయాడు. తర్వాత 57 ఏళ్లకు, 1982లో, అదే జెనీవాలో మూలవాసుల మీద ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి కూర్చుంది. అది కూర్చున్న ఆగస్టు 9నే మనం ఏటా ఊరేగింపులతో, డప్పులతో, గుస్సాడి, కొమ్ము నృత్యాలతో జరుపుకుంటున్నాం. ఆ రోజు మనం కట్టే బ్యానర్ వెనక ఇంత కథ ఉందని ఎంతమందికి తెలుసు?

ఆ కార్యవర్గం మొదలుపెట్టిన రాత ఇరవై ఏళ్లకు పైగా నలిగి, 2007 సెప్టెంబరు 13న మూలవాసుల హక్కుల ప్రకటన అయింది. 144 దేశాలు అనుకూలం, 4 వ్యతిరేకం. మూలవాసుల నేల మీద నిలబడ్డ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆ నాలుగు. తర్వాత అవీ దారికొచ్చాయి. ఇండియా అనుకూలంగానే ఓటేసింది. అయితే మన దేశంలో ఉన్నవాళ్లంతా మూలవాసులేనని మన ప్రభుత్వం ఎప్పటినుంచో చెబుతున్న మాట. అందరూ మూలవాసులైతే ప్రత్యేకంగా ఎవరికీ ఏమీ రానట్టే. ఆ వాదనకు జవాబు చెప్పాలంటే ఆవేశం చాలదు. 1958లో ఇండియా సంతకం పెట్టిన ఐఎల్ఓ 107వ ఒడంబడిక ఏమంటుందో, దాని తర్వాత 1989లో వచ్చిన 169వ దాని మీద ఇండియా ఎందుకు సంతకం పెట్టలేదో, పక్కనున్న నేపాల్ 2007లో ఎందుకు పెట్టిందో చదివి ఉండాలి. ఇవన్నీ ఈ పీజీలో పాఠాలే.

ప్రజాస్వామీకరణ అన్న రెండో మాటకు వద్దాం. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఇండియా హాకీ జట్టుకు కెప్టెన్. ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గర మీరు నేర్చుకోవాలి అన్నది ఆయన మాటల సారం. సభలో ఎంతమంది నవ్వుకున్నారో, ఎంతమంది తలూపారో గాని, 67 ఏళ్ల తర్వాత అది అక్షరాలా జరిగింది.

ఒడిశాలో, మన పార్వతీపురం మన్యానికి ఆవల, నియమగిరి కొండలున్నాయి. డోంగ్రియా కోందులకు ఆ కొండే దేవుడు, నియమరాజు. కొండ నెత్తి మీది బాక్సైట్ తీస్తామంటే వాళ్లు కాదన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ సంగతి గ్రామసభలే తేల్చాలని, జిల్లా జడ్జి స్థాయి అధికారి దగ్గరుండి చూడాలని ఆదేశించింది. ఊళ్లు చాలా ఉన్నా ప్రభుత్వం 12 ఊళ్లనే ఎంచింది. కొన్నిట్లో ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. జూలై, ఆగస్టు వానల్లో, పోలీసులు చుట్టూ నిలబడి ఉండగా, ఒక్కో ఊరు కూర్చుంది. ఆడవాళ్లు లేచి మాట్లాడారు, ముసలివాళ్లు లేచి మాట్లాడారు. 12కు 12 ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కూడా కాదంది.

వియన్నా మహాసభ పత్రాల్లో రాసుకున్న ప్రజాస్వామ్యం, స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి, ఇవన్నీ ఎలా ఉంటాయో చూపించమంటే ఇప్పుడు ఆచార్యులు నియమగిరిని చూపిస్తారు. బడికి వెళ్లని మనుషులు పీజీ విద్యార్థులకు పాఠమయ్యారు. మనం గర్వపడాల్సిందే. ఆ గర్వంలోనే ఒక ముల్లు కూడా ఉంది. ఆ తరగతి గదిలో ఆ పాఠం గురించి వ్యాసం రాసేవాళ్లలో డోంగ్రియా అమ్మాయి ఉందా? కోయ అబ్బాయి ఉన్నాడా? మన మాట ఇంకొకరు విని, వాళ్లకు అర్థమైనంత రాస్తే, ఆ రాసిందే రేపు కోర్టులో మన మాటగా చెల్లుతుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 గుర్తుందా? షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. దేశమంతా కరోనాకు తలుపులు మూసుకున్న రోజులవి. ఏజెన్సీలో డీఎస్సీకి చదువుతున్న ఎంతోమంది పిల్లలకు ఆ సంగతి ఫోన్లలో తెలిసింది. ఆ తీర్పు తప్పని మేమూ సభల్లో చెప్పాం, ఊరేగింపులు తీశాం. కాని ఆ తీర్పులోని ఏ వాదన ఎక్కడ బలహీనమో, ఐదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారాన్ని అది ఎలా చదివిందో, విప్పి చెప్పగలిగిన మనవాళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బడిలో మన భాష వచ్చిన టీచరు ఉండాలన్నది పిల్లల హక్కు కూడా. కొలువుల లెక్కగా మాట్లాడితే ఒక రకంగా తేలుతుంది, పిల్లల హక్కుగా మాట్లాడితే ఇంకో రకంగా తేలుతుంది. ఆ రెండో దారి చూపించే చదువే ఇది.

చదువు మనకు కొత్త ఆయుధమేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపాక, నిజాం సర్కారు కారణాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. అక్కడ చదువుకున్నవాళ్లే తర్వాత ఊరూరా పట్టా కాగితాలు చదివి చెప్పారు. ఎనభై ఏళ్ల క్రితం పట్టా చదవడం వస్తే చాలు. ఇప్పుడు కాగితాలు వేరు, అవి రాసే భాష వేరు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఈ చదువు ప్రభుత్వాలను, కంపెనీలను మాత్రమే నిలదీయదు. మనల్నీ నిలదీస్తుంది. ఆదిలాబాద్ గోండుల రాయిసెంటర్లు, మన్యంలో కుల పెద్దల పంచాయితీలు మన స్వపరిపాలనకు గుర్తులు. వాటిలో ఆడవాళ్లు ఎంతమంది కూర్చుంటున్నారు? భూమిలో ఆడబిడ్డకు వాటా ఉందా? హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు, మన ఆచారమే చట్టం. 1996లో మధు కిశ్వర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని ముట్టుకుని, ఆచారాలను మొత్తంగా కొట్టేయడానికి వెనకాడింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో మాత్రం, ఆడబిడ్డకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయనప్పుడు ఆమె వారసులకు సమాన వాటా ఇవ్వాల్సిందేనంది. మన పెద్దల్లో కొందరికి ఇది మింగుడు పడదు. బయటివాళ్లు మన ఆచారంలో వేలు పెడుతున్నారని అంటారు. ఆ భయానికి కారణం లేకపోలేదు, ఆడబిడ్డ పేరుతో గిరిజనేతరుడు భూమిలోకి దిగిన ఊళ్లు మనకు తెలుసు. రెండూ నిజమే. ఈ ముడి విప్పాల్సింది మన ఇంటి అమ్మాయిలే, చదువుకుని, పెద్దల ఎదుట కూర్చుని. ఢిల్లీ నుంచి తీర్పు వచ్చేదాకా ఆగితే అది మన తీర్పు కాదు.

ఇక దారుల సంగతి. విదేశీ చదువుకు ఫీజు, అద్దె, ప్రయాణం కలిపితే ఖర్చు లక్షల్లో తేలుతుంది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏడాదికి 20 మాత్రమే. అందులో 3 చెంచు, కోలాం, కొండరెడ్డి లాంటి ఆదిమ తెగలవాళ్లకు. పది కోట్లకు పైగా జనాభాకు 20 అన్నది మాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే లెక్క. అయినా దరఖాస్తు పెట్టనివాడికి ఆ 20లో కూడా చోటుండదు. తెలంగాణ వాళ్లకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. అది ఏ దేశాలకు, ఏ కోర్సులకు వర్తిస్తుందో ముందే చూసుకోవాలి. విదేశం అక్కర్లేదనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దూరవిద్యలో మానవ హక్కుల పీజీ డిప్లొమా ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు. విజయనగరంలో 2019లో, ములుగులో 2023 చట్టంతో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. వాటిలో ఇలాంటి ఒక పీజీ కావాలని అడగాల్సింది మనమే. మన పేరుతో పెట్టిన బడిలో మన కేసుల చదువు లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

డిగ్రీ లేకపోయినా పోగలిగిన దారి ఒకటుంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం మూలవాసుల కోసం ఫెలోషిప్ ఇస్తుంది. ఎంపికైనవాళ్లను కొన్ని వారాలు జెనీవాకు పిలిపించి, అక్కడి వ్యవస్థ ఎలా నడుస్తుందో దగ్గరుండి చూపిస్తారు. పెద్ద చదువులు లేవన్నది అడ్డు కాకూడదని వాళ్లే రాసుకున్నారు. కావాల్సింది మన సమాజంలో పనిచేసిన అనుభవం, మన సంఘం ఇచ్చే ఉత్తరం, కాస్త ఇంగ్లీషు. డెస్కాహేను బయట నిలబెట్టిన ఊరికే ఇప్పుడు పిలిచి తీసుకెళ్తున్నారు.

వ్యాసానికి అంశం ఏమిటని అడిగే పిల్లలకు మా మాట ఇదీ. మీ మండలంలో అటవీ హక్కుల దరఖాస్తులు ఎన్ని తిరస్కరించారో, ఏ కారణం రాశారో, అసలు కారణం రాశారో లేదో చూడండి. షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చాలని ఏళ్లుగా అడుగుతున్న గిరిజన గ్రామాలు మీ పక్కనే ఉంటాయి, వాటి ఫైలు ఎక్కడ ఆగిందో అడగండి. మీ గ్రామసభ మినిట్స్ పుస్తకం తెరిచి, సంతకాలు ఎవరివో, వేలిముద్రలు ఎవరివో, అవి పెట్టినవాళ్లకు పైన రాసింది ఎవరైనా చదివి వినిపించారో లేదో కనుక్కోండి. వెనిస్‌లోనో మహిడోల్‌లోనో కూర్చున్న ఏ ఆచార్యుడికీ ఈ కాగితాలు దొరకవు. దరఖాస్తు నింపడంలో, సంఘం ఉత్తరం విషయంలో సాయం కావాలంటే మా కార్యవర్గంలో ఎవరినైనా అడగండి. పాత తీర్పుల నకళ్లు మా దగ్గర ఉన్నాయి, సమత తీర్పు కూడా ఉంది, వచ్చి చదువుకోవచ్చు.